గస్తీ తుపాకి – లెక్క చెప్పవలసిన ఆయుధము

వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దమున నిర్మించిన శ్రీరంగనాయకస్వామివారి యాలయము శ్రీరంగాపురమున రంగసముద్రపు నీటి యొడ్డున నిలిచియున్నది. ఉత్సవ దినములందు చుట్టుపట్ల పల్లెలనుండి ఆబాలవృద్ధము తరలివచ్చి గోపురము ముందర క్రిక్కిఱిసి నిలుచును. ఆనాడు బందోబస్తునకు వచ్చిన పోలీసు జవాను పని త్రోవ చూపుట, తప్పిపోయిన బిడ్డను తల్లికడకు చేర్చుట, జేబుదొంగను పట్టుట. ఆ యూరికి కొద్ది మైళ్ల దూరమున, పెబ్బేరు మీదుగా, హైదరాబాదునుండి కర్నూలునకు పోవు జాతీయ రహదారి సాగుచున్నది. అర్ధరాత్రివేళ ఆ రహదారిపై నొక వాహనము నాపి, లోపలనున్న వారెవరో యెఱుగక, అద్దము దగ్గఱకు నడచిపోవు జవాను పని వేఱు. మొదటి చోట ఆయుధ ముండుట యనర్థహేతువు. రెండవ చోట ఆయుధము లేకుండుటయే యనర్థహేతువు కావచ్చును. గస్తీ పోలీసులకు పంపు తుపాకి నీయవలెనా, ఇచ్చినచో దానినెట్లు అమర్చి యీయవలెననెడి ప్రశ్నను ఈ రెండు దృశ్యములను ఎదుట నుంచుకొనక చర్చించుట పొరపాటని మా యభిప్రాయము.

ఈ ప్రశ్న యేదో ఆయుధప్రియుల వినోదము కాదు. 2015 ఏప్రిల్ 1వ తేదీ రాత్రి సూర్యాపేట బస్సు స్టాండునందు జరిగిన దారుణమును తెలుగువారు మఱచియుండరు. బస్సు తనిఖీకి పోయిన పోలీసులపై ఇరువురు సాయుధులు కాల్పులు జరుపగా ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును ప్రాణములు కోలుపోయిరి, ఇన్‌స్పెక్టరు గాయపడెను. మూడు దినముల తరువాత, ఏప్రిల్ 4న, జానకీపురమువద్ద అదే సాయుధులతో జరిగిన పోరాటమున మఱియొక కానిస్టేబులు నేలకొరిగెను. గాయపడిన సబ్-ఇన్‌స్పెక్టరు అనంతరము ఆసుపత్రిలో మరణించెను. సాయుధులిరువురును 2013లో ఖండ్వా చెఱసాలనుండి తప్పించుకొనిపోయిన ముఠాలోనివారు. రాత్రి గస్తీకి బయలుదేఱిన జవాను ఎవరి నెదుర్కొనవలసివచ్చునో అతని కెఱుక యుండదు. లాఠీ చేతికిచ్చి, ‘ధైర్యముగ పొమ్ము’ అని చెప్పుట పాలకులకు సులభము. ఆ జవాను ఇంటిలో దీపము పెట్టి యెదురుచూచు ఇల్లాలికి సులభము కాదు. కావున గస్తీకి తగిన యాయుధమును కోరువారిని మేము పరిహసింపము. వారి కోరిక న్యాయమైనదే. అయితే న్యాయమైన కోరికను అన్యాయముగ తీర్చు పద్ధతులును గలవు. వానినిగూర్చియే ఈ వ్యాసము.

మన పోలీసుల చేతికి తుపాకి వచ్చిన కథను ఒకమాఱు స్మరింపవలెను. 1878 నాటి ఆయుధముల చట్టముతో తెల్లదొరలు ప్రజలను నిరాయుధులను గావించిరి. తమ కొలువుననున్న నల్లజవానును సైతము వారు నమ్మలేదు. సైన్యమునకిచ్చు .303 రైఫిలును ఇషాపూరు కార్ఖానాయందు మార్చి, గొట్టమును నున్నగ తొలిచి, మాటిమాటికి ఒక్కొక్క తూటా మాత్రమే పెట్టుకొనునట్లు చేసి, .410 మస్కటని పేరిడి పోలీసులకును చెఱసాలల కావలివారికిని పంచిపెట్టిరి. దాని తూటా సైన్యపు రైఫిలులో పట్టదు. జవాను తిరుగబడినను, ఆ తుపాకి ప్రజల చేతికి చిక్కినను, సర్కారు సైన్యమున కపాయము లేకుండుటయే అందలి యంతరార్థము. అంతకుముందే, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగ ముట్టడించి అందలి తుపాకులను, తూటాలను తీసుకొనిపోయి, ఠాణాలోని యాయుధ మెవరిదను ప్రశ్నను దొరల యెదుట నిలిపెను. ఆయుధ మెట్టిదో చూచినచో దాని నిచ్చినవాని మనసు తెలియును. తెల్లదొర యిచ్చిన మస్కటు అతని యపనమ్మకమును చాటినది.

మన పాలమూరు సీమకు ఆయుధములు క్రొత్తవి కావు. వనపర్తి రాజావారు పోషించిన ఆఫ్రికా అశ్వదళము తరువాత నిజాము కొలువునకు చేరి హైదరాబాదులోని ఏసీ గార్డ్సు పేటకు పేరిచ్చినది. అదే నిజాము పోలీసులు 1947 అక్టోబరులో ఆత్మకూరు ప్రాంతపు అప్పంపల్లియందు నిరాయుధులైన గ్రామస్థులపై కాల్పులు జరిపి పలువురిని బలిగొనిరి. ఆ పాలనయు పోయినది. కాని స్వరాజ్యము వచ్చిన పిమ్మట 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీరుబాగునందు విద్యుత్ ఛార్జీలపై ఆందోళన జరిపినవారిమీదను, 2007 జూలై 28న ఖమ్మము మండలపు పొరుగుననున్న ముదిగొండయందు భూమిని కోరినవారిమీదను పోలీసు తుపాకి మ్రోగినది. ముదిగొండలో ఏడుగురు మరణించిరి. తుపాకి పట్టిన చేయి మనవారిదే, పడిపోయిన దేహము మనవారిదే. ఈ స్మృతి మనకుండగా, ‘పోలీసులకు మంచి తుపాకి నిండు’ అను మాట వినబడినంతనే, ‘ఎవరిమీదకు?’ అని గ్రామస్థు డడుగుట తప్పుగాదు. అడుగకుండుటయే తప్పు.

ఇక తుపాకి మాట. భూస్వాములైన మా పాఠకులలో పలువురు జంటగొట్టపు పండ్రెండు బోరు తుపాకిని చూచినవారే; పంటను పాడుచేయు అడవిపందుల బెడదకు లైసెన్సు పొందినవారును గలరు. ఒక పౌను సీసమును పండ్రెండు సమానపు గుండ్లుగ పోసినచో ఒక్కొక్క గుండు పట్టునంతటి గొట్టము గనుక దానికా పేరు వచ్చినది. గొట్టపు వెడల్పు ఇంచుమించు 18.5 మిల్లీమీటరులు. పంపు తుపాకియు ఆ జాతిదే. ఒక్క గొట్టము, దాని క్రింద తూటాలు వరుసగ నిలుచు మఱియొక గొట్టము, ఎడమచేయి పట్టుకొను జరుగుడు పట్టు. ఆ పట్టును వెనుకకు లాగినచో పేలిన తూటా బయటపడును. ముందునకు త్రోసినచో క్రొత్త తూటా లోనికి పోవును. క్రింది గొట్టమున సాధారణముగ నాలుగునుండి ఏడు తూటాలు పట్టును. అమెరికాలో 1897 నాటి వించెస్టరు, 1950లో వెలువడిన రెమింగ్టన్ 870 అను తుపాకులు ఈ తీరున ప్రసిద్ధికెక్కినవి. ఆ దేశపు గస్తీ వాహనములలో దశాబ్దములపాటు ఈ తుపాకి సహచరియై యుండెను. మన దేశమునను, నాడు .410 మస్కటు పుట్టిన ఇషాపూరు కార్ఖానాయందే పండ్రెండు బోరు పంపు తుపాకి తయారైనది.

రాత్రి గస్తీకి రైఫిలుకన్న ఇది మేలని వాదించువారి మాటలో సత్యము లేకపోలేదు. రైఫిలు గుండు గుఱి తప్పినచో మైలుకు మించిన దూరముననున్న అమాయకుని ప్రాణమును తీయగలదు. రహదారికిరుప్రక్కల ఊళ్లున్నచోట ఇది సామాన్యమైన భయము కాదు. పెద్ద గుండ్ల తూటా కొన్ని వందల గజములలో బలము కోలుపోవును. రైఫిలులో లేని కష్టము దీనిలో మఱియొకటి గలదు. ఒక్క మాఱు ట్రిగ్గరు నొక్కినచో బయలుదేఱునది ఒక్క గుండు కాదు. మన విపణిలో ఎస్.జి. యని పిలువబడు తూటాలో ఎనిమిది మిల్లీమీటరులకు మించిన గుండ్లు పలు యుండును. దానికి సమీపమైన అమెరికావారి తూటాలో వాడుకగ తొమ్మిది యుండును. ఇవి పోవుకొలది విడిపోవును. స్థూలముగ గజమునకు అంగుళము వంతున విచ్చుకొనునని లెక్క. పదిగజములలో పళ్లెమంత వెడల్పున పడును; ఇరువదియైదు గజములు దాటునప్పటికి మనుష్యుని వెడల్పును మించి చెదరును. గుఱి తప్పిపోయిన ప్రతి గుండును ఎచ్చటికో పోయి తగులవలసినదే. ఆ గుండున కుత్తరవాది దానిని పేల్చిన జవాను. జవానునకు ఆ సంగతిని నేర్పని ప్రభుత్వము అంతకన్న పెద్ద యుత్తరవాది.

కావున అమర్చుటలో మొదటి పని అంగడిలో లభించు అలంకారములను తగిలించుట కాదు. ప్రతి తుపాకిని, ప్రతి జాతి తూటాతోను, ఐదు, పది, పదునైదు, ఇరువది, ఇరువదియైదు గజములనుండి కాగితపు గుఱిపలకపై పేల్చి చూచి, ఏ దూరమువఱకు గుండ్లన్నియు మనుష్యుని ఱొమ్ము వెడల్పులో నిలుచునో కొలిచి వ్రాసియుంచవలెను. ఒకే కార్ఖానానుండి వచ్చిన రెండు తుపాకులును ఒకే తీరున గుండ్లను చల్లవు. ఆ కొలత తుపాకి మడమపైననే చెక్కియుండవలెనని మా సూచన. ‘ఇరువది గజములు’ అని వ్రాసియున్న తుపాకిని ముప్పది గజముల దూరమున పేల్చినవాడు ‘నాకు తెలియలేదు’ అని చెప్పజాలడు.

రెండవది తుపాకి మనుష్యునకు సరిపడుట. విదేశీయుల భుజములకు కొలిచి చేసిన పొడవాటి మడమ మన జవానులకు, ముఖ్యముగ మహిళా కానిస్టేబుళ్లకు, పొడుగగును. పొడుగైన మడమ భుజమున సరిగ కుదురక, తన్ను ఎక్కువై, జవాను కన్నులు మూసుకొని ట్రిగ్గరు నొక్కును. మడమను అంగుళము పొట్టిచేసి రబ్బరు మెత్త వేసినచో సగము భయము తీఱును. గొట్టము పదునెనిమిదినుండి ఇరువది యంగుళముల లోపల నుండుట జీపునుండి దిగువానికి అనుకూలము. భుజమునకు తగిలించుకొను పట్టీ తప్పక యుండవలెను. ఏలయనగా గస్తీ జవాను రెండు చేతులును కాగితములు చూచుటకు, బేడీలు వేయుటకు, గాయపడినవాని నెత్తుటకు కావలసియుండును. పట్టీలేని తుపాకిని ఎక్కడనో పెట్టవలెను. పెట్టిన తుపాకి పరుల చేతికి పోవలెను. ముంగొననుండు చిన్న పూసకు బదులు చీకటిలో కనబడు గుఱిసాధనమును, గొట్టము క్రింద టార్చి దీపమును అమర్చుట మేలు. దీప మున్నది కాల్చుటకు మాత్రమే కాదు. ఎదుటనున్నవాడు దొంగయో, పొలమునకు నీరు కట్టబోవు రైతో చూచుటకు దీపమే యాధారము. రాత్రివేళ మోటారు వేయుటకై పొలమునకు పోవు రైతులు గల ఈ సీమలో ఈ మాట చిన్నది కాదు.

మూడవది తూటా యుండు తీరు. తూటాను క్రింది గొట్టమున నుంచి, పేలు గదిని ఖాళీగ నుంచి, సేఫ్టీ మీటను వేసి, వాహనములో తాళము గల బిగింపున తుపాకిని నిలుపుట అమెరికా గస్తీదళములలో రూఢియైన పద్ధతి. అవసరమైనప్పుడు పట్టును ఒకమాఱు లాగి త్రోసినచో చాలును. గుంతల దారిలో ఎగిరిపడు జీపునందు పేలు గదిలో తూటానుంచి తిరుగుట తనవారినే చంపుకొను సాహసము. గస్తీ ముగిసి ఠాణాకు వచ్చినవెంటనే ఇసుక తొట్టివైపు గొట్టమును త్రిప్పి తూటాలు దింపవలెను. దింపిన తూటాలను మరల మరల వాడుకొనుచు నెలల తరబడి అవే నింపరాదు. మండుటెండలో నిలిచిన వాహనములో, స్ప్రింగు ఒత్తిడిక్రింద, ప్లాస్టిక్కు తూటా ఆకారము మాఱి, ఆవశ్యక సమయమున లోనికి పోక పట్టుకొనును. పాలమూరు వేసవి యెట్టిదో మేము వర్ణింపనక్కఱలేదు. పాత తూటాలను అభ్యాసమునకు వాడి, క్రొత్తవానిని గస్తీకి ఉంచుట ఉచితము. అట్లు చేసినచో అభ్యాసమునకు తూటాలు లేవను సాకుకూడ తొలగును.

అభ్యాసమే అన్నిటికన్న ముఖ్యము. భయమున వణకు చేయి పట్టును సగము మాత్రమే లాగును. అప్పుడు పేలిన తూటా బయటపడదు, క్రొత్తది లోనికి పోదు, తుపాకి కఱ్ఱతో సమానమగును. దీనికి మందు సాధన తప్ప వేఱొకటి లేదు. పరేడు మైదానమున ఏటికొకమాఱు నాలుగు తూటాలు పేల్చి రిజిస్టరులో సంతకము చేయించుట సాధన యనిపించుకొనదు. చీకటిలో, దీపముతో, ఎదుట అమాయకుని బొమ్మయు దొంగ బొమ్మయు నుండగా, ఎప్పుడు కాల్చకూడదో నేర్పుటయే నిజమైన సాధన. అన్నము వండుట రానివాని చేతికి పెద్ద గుండిగ నిచ్చినచో విందు జరుగునా?

ఇచ్చటికి వచ్చుసరికి మేము కాశ్మీరమును స్మరింపక తప్పదు. 2010లో అచ్చటి గుంపులను చెదరగొట్టుటకై ఇదే పంపు తుపాకిని ప్రవేశపెట్టిరి. అందు పెట్టినది పెద్ద గుండ్ల తూటా కాదు. ఆవగింజలవలె సన్నని పెల్లెట్లు వందలకొలది నిండిన తూటా. ప్రాణము తీయదు గనుక ఇది దయతో గూడిన ఆయుధమని చెప్పిరి. 2016 వేసవిలో ఆ దయ యెట్టిదో దేశము చూచినది. జూలై 8 మొదలు ముప్పదిరెండు దినములలో ఇంచుమించు 13 లక్షల పెల్లెట్లను వాడితిమని కేంద్ర రిజర్వు పోలీసుదళమే హైకోర్టునకు తెలిపినది. వందలకొలది మంది కన్నులకు గాయములయ్యెను. వారిలో బడిపిల్లలును, కిటికీవద్ద నిలిచినవారును గలరు. 2018 నవంబరులో షోపియాను ప్రాంతమున రెండేండ్లు నిండని పసిబిడ్డ కంటికి పెల్లెటు తగిలెను. ఆ బిడ్డ యే గుంపునకు నాయకత్వము వహించెను?

దీనికి ప్రత్యామ్నాయమును వెదకుటకై 2016లో కేంద్ర హోంశాఖ టి.వి.ఎస్.ఎన్. ప్రసాదుగారి యధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. మిరపఘాటును పోలిన ఘాటు గల పావా గుండ్లను ఆ సంఘము సూచించినది. 2017లో, నాడు కేంద్ర రిజర్వు పోలీసుదళమునకు అధిపతిగానున్న కె. దుర్గాప్రసాదుగారు, పెల్లెట్లు నడుముపైకి పోకుండ గొట్టము కొనకు అడ్డుపలకను అమర్చుచున్నట్లు తెలిపిరి. సదుద్దేశముతో చేసిన సవరణయే కావచ్చును. కాని వందలకొలది తునకలుగ విడిపోవు దానిని ఒక్క పలకతో క్రమశిక్షణలో పెట్టగలమను విశ్వాసము మాకు లేదు. 2020లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము ప్రకటించిన మార్గదర్శకములు షాట్‌గన్నుతో పేల్చు లోహపు పెల్లెట్లను ఎన్నడును వాడరాదని స్పష్టముగ చెప్పినవి. తుపాకి లోపమా, తూటా లోపమా అని వాదించువారికి మా యుత్తర మొక్కటే: ఒక సాయుధుని నెదిరించుటకు పుట్టిన పనిముట్టును వేయిమంది నిరాయుధులవైపు త్రిప్పుటయే లోపము.

ఒకే తుపాకిలో ఒకనాడు ప్రాణము తీయు తూటాను, ఒకనాడు దెబ్బ మాత్రము కొట్టు తూటాను పెట్టుకొనవచ్చును గదా, అది పొదుపు గదా యని కొందఱనవచ్చును. 2011లో అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున ఒక పోలీసు అధికారి, గుడ్డసంచి తూటాలు మాత్రమే ఉండవలసిన తుపాకిలో పొరపాటున నిజమైన తూటాలు నింపి ఒక మనుష్యుని తీవ్రముగ గాయపఱచెను. అతడు చాలకాలము శిక్షణ పొందినవాడే. ఆ దేశమున పలుచోట్ల దెబ్బ తూటాల తుపాకికి నారింజరంగు మడమ వేసి వేఱుచేయుదురు. ఆ నగరమునను వేఱుచేసియే యుండిరి. అయినను తూటాల సంచి యొక్కటే యైనందున ప్రమాదము జరిగెను. ధనికదేశమున జరిగిన పొరపాటు మన ఠాణాలో జరుగదని ఎవరు పూచీ పడుదురు? కావున గస్తీ తుపాకికి ఒక్క జాతి తూటాయే యుండవలెను. రెండవ జాతి తూటా ఆ వాహనములో, ఆ పెట్టెలో, ఆ జవాను జేబులో ఎన్నడు నుండరాదు.

ఈ తుపాకియందు మఱియొక రహస్యము గలదు. పాఠకులు దీనిని శ్రద్ధతో గమనింప ప్రార్థన. రైఫిలు గొట్టము లోపల మెలికల గాళ్లు గలదు; ఆ గాళ్ల గీఱలు గుండుపై పడును గనుక, శవమునందు దొరకిన గుండు ఏ రైఫిలునుండి వచ్చినదో పరిశోధకులు చెప్పగలరు. పంపు తుపాకి గొట్టము నున్నన. దాని గుండ్లపై గొట్టపు సంతకము పడదు. తుపాకి గుర్తు మిగులునది ముఖ్యముగ ఖాళీ తూటా యడుగున పడు పిన్ను దెబ్బ మొదలగువానిపైననే. ఆ ఖాళీ తూటాను ఎవరైన జేబులో వేసికొనిపోయినచో, పడిన దేహమునకును పేల్చిన చేతికిని నడుమ గల సాక్ష్యము సన్నగిల్లును. 2014 సెప్టెంబరులో పి.యు.సి.ఎల్. వ్యాజ్యమున సుప్రీముకోర్టు, పోలీసు కాల్పులలో మరణము సంభవించినచో స్వతంత్ర విచారణ జరుగవలెననియు, కాల్చిన యధికారులు తమ యాయుధములను పరీక్షకు అప్పగింపవలెననియు శాసించినది. ఆ శాసనము రైఫిలు విషయమున సులభముగ ఫలించును. నున్నని గొట్టపు తుపాకి విషయమున, లెక్క లేనిచో అది కాగితముపైననే నిలుచును.

కనుకనే మేము తూటాల రిజిస్టరును గొట్టముకన్న, మడమకన్న, దీపముకన్న ముఖ్యమైన పరికరముగ భావించుచున్నాము. ప్రతి తూటాపై సంఖ్య యుండవలెను. గస్తీకి పోవునప్పుడు ఇన్ని ఇచ్చితిమని, వచ్చినప్పుడు ఇన్ని పుచ్చుకొంటిమని, పేలినవాని ఖాళీ గొట్టములు ఇవిగో యని మూడు గడులు నిండవలెను. ఖాళీ తూటా తేనివాడు దానికి సంజాయిషీ చెప్పవలెను. జిల్లాయందు సంవత్సరమున నెన్ని తూటాలు పేలినవో, ఎందులకో, ప్రభుత్వము ప్రకటింపవలెను. పన్ను కట్టు రైతు తన పైసాకు రసీదు పుచ్చుకొనును; అతని పైసాతో కొన్న తూటాకు రసీదు కోరుట అపరాధము కానేరదు.

చట్టము కొఱవడినందున మన మీ మాట చెప్పుటలేదు. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షను చట్టవిరుద్ధమైన గుంపులను చెదరగొట్టు విధానమును చెప్పుచున్నది. ముందు ఆజ్ఞ, అది విననప్పుడే బలప్రయోగము. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో వివరింపబడినది. రహదారిపై తుపాకి చూపిన దొంగ నెదుట జవానునకు రెండవ దాని రక్షణ గలదు. ఉత్సవపు జనసందోహమునందు గాని, ధర్నాయందు గాని అతడు మొదటి దానికి బద్ధుడు. ఈ రెండును వేఱువేఱు ధర్మములు. ఒక ధర్మమునకు సిద్ధపఱచిన యాయుధమును రెండవ చోటికి తీసుకొనిపోవుటవలననే బషీరుబాగులును ముదిగొండలును సంభవించుచుండును.

‘దొంగలు రిజిస్టరులు వ్రాసికొని వత్తురా? వారిని పట్టుటకు పోవువాని చేతులు కాగితములతో కట్టివేయుదురా?’ అని ఆక్షేపించువారు గలరు. దొంగకును పోలీసునకును భేదమే ఆ కాగితము. ఆ కాగితము చింపినచో మిగులునది రెండు ముఠాలు. మఱియు లెక్క జవానునకు సంకెల కాదు, కవచము. న్యాయముగ కాల్చినవాడు తన యేడు తూటాలకు లెక్క చెప్పగలిగినప్పుడు అతనిపై అపవాదు నిలువదు. లెక్కలేని చోటనే నిర్దోషియగు జవానును దోషియగు జవానును ఒకే వేలితో చూపబడుదురు. ‘ఖర్చు హెచ్చును’ అనువారికి మా మనవి: తుపాకి కొనుటకు ధన మున్నచో అభ్యాసపు తూటాలకును, గుఱిపలకలకును, తాళపు బిగింపునకును ధన ముండవలెను. అది లేనిచో తుపాకిని కొనకుండుటయే పొదుపు.

తుదకు మరల శ్రీరంగాపురమునకు వత్తము. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా యేర్పడినది. శ్రీరంగాపురము నేడొక మండలమునకు కేంద్రము. పాలన ప్రజల వాకిటికి వచ్చినదని సంతోషించితిమి. పాలనతోపాటు దాని తుపాకియు వాకిటికి వచ్చును. కావున దాని నడవడినిగూర్చి అడుగు హక్కును వాకిటివారిదే. మేము కోరునది స్వల్పము. రాత్రి రహదారి గస్తీకి పంపు తుపాకి నిత్తురేని ఇండు. కొలిచి, సరిపఱచి, దీపము నమర్చి, సాధన చేయించి యిండు. రథము కదలునాడును, రైతులు బారులు తీరి అర్జీలు పట్టుకొని వచ్చునాడును, ఆ తుపాకి ఠాణా గోడకు తాళమువేసి యుండవలెను. తాళపుచెవి యెవరికడ నున్నదో, ఎవరి యుత్తరువుతో తీయబడినదో రిజిస్టరున నుండవలెను. ఈ నియమమును ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ఠాణా గుమ్మముననే వ్రేలాడదీయవలెను.

తెల్లదొర తన జవానును నమ్మక సగము తుపాకి నిచ్చెను. స్వరాజ్య ప్రభుత్వము తన జవానును నమ్మి పూర్తి తుపాకి నిచ్చుట ధర్మమే. అయితే ఆ నమ్మకము జవానుతోనే నిలిచిపోరాదు. తుపాకి గొట్టమున కెదుట నిలుచు సామాన్యుని వఱకు అది రావలెను. అంతవఱకు వచ్చిననాడే ఆ తుపాకి మనది యగును. జిల్లా పోలీసు అధికారులును, ప్రజాప్రతినిధులును ఈ సంగతిని సావధానముగ నాలోచించి, తుపాకికన్న ముందు దాని లెక్కను సిద్ధపఱతురని ఆశించుచున్నాము.